పదకొండు మిస్డ్ కాల్స్

సకల జనుల సమ్మెతో బస్సులు బందైన రోజులవి. సిరిసిల్లలోని ఆ సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి సాంచెల కార్ఖానా, అంటే మరమగ్గాల కార్ఖానా, నడిపే ఆసామి వచ్చాడు. దుకాణదారుడు అతన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"సౌండు మొత్తం పెట్టిన, అయినా రింగు ఇనవడ్తలేదు. వైబ్రేషన్ సుత లేదు. నా బిడ్డ కరీంనగర్ల కాన్పుకున్నది, ఏ గడియల ఫోన్ చేస్తదో."

ఫోను సైలెంట్‌లో ఉంది, అంతే. హ్యాష్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. దుకాణదారుడు నొక్కలేదు.

"చూస్తున్న, కూసోండ్రి. నన్ను గుర్తువట్టిండ్రా? మీ సాంచెలు నడిపినోన్ని."

"శానమంది నడిపిండ్రు."

"పోయినేడు ఫోన్లు మోగితే ధర్నాకు ఉరుకుతున్నరని, మా ఫోన్లన్ని సైలెంట్ల పెట్టి పెట్టెలేసి తాళమేసిండ్రు."

"ఏసిన. లేకుంటే సాంచెలు బందువెట్టి పోతుంటిరి."

"గప్పుడు మా అమ్మ దవాఖానల ఉండె. ఫోనొచ్చిందా అని మిమ్ముల మూడుసార్లు అడిగిన. పొద్దుమీకి పెట్టె తీస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అప్పటికే అమ్మ పోయింది."

"గవన్ని ఇప్పుడెందుకు? ముందు ఫోన్ చూడు."

ఆసామి ఫోను దుకాణదారుడి చేతిలో చప్పుడు లేకుండా వెలిగింది. తెర మీద ఆసామి కూతురు సంధ్యారాణి పేరు. అతను దాన్ని బల్ల మీద బోర్లించి, పైన అరచెయ్యి వేశాడు.

"మా బిడ్డ గిట్ట చేసిందా?"

"ఎవ్వలు చెయ్యలే. పోయి మీ పని చూసుకోండ్రి."

ఆనాడు ఆసామి మూడుసార్లూ చెప్పిన జవాబే అది. ఆసామి చప్పున లేచి చెయ్యి చాచాడు. ఫోను మీది అరచెయ్యి లేవలేదు.