నర్సింగన్న తన పాట తనే పెట్టుకున్న రోజు

ఆఁ, బంద్ చెయ్యకు, ఉండనీ ఆ పాట. నిద్ర పోతలేను, ఊకె కండ్లు మూసుకున్న. ఏంది నవ్వుతున్నవ్ పిలగా? ఇంగ్లీషు పాట ఈ రాజం కాకకు ఏం సమజైతదనా? చెప్పాల్నా? ఆ పిల్ల వాన్ని ఇడిసిపెట్టింది. నాలుగు దినాలు ఏడ్సింది. ఇగ ఏడ్వ, నీ మొకం చూడ, నేను మస్తుగున్న అంటున్నది. అవునా కాదా, నీ ఫోన్ల చూసి చెప్పు. అగో! మరేమనుకున్నవ్? జగిత్యాల కాడ చిన్నప్పుడే బడి ఇడిసిపెట్టిన గని, పోయెటోళ్ల పాటలల్ల నాకు పెద్ద సదువే ఉన్నది. నర్సింగన్న చెప్పిన సదువు. అదే, నాకంటె ముందు ఈ కంపెనీ బస్సు తోలినాయన. నువ్వు అరబ్బు దేశంల ఈ మంగఫ్‌కు వచ్చేటాల్లకు ఆయన ఇంటికి పోయి శాన ఏండ్లాయె. రేపు నేను ఖలాస్ చేస్కొని పోతున్న గదా, లీవు కాదు, ఇగ మళ్ల రాకుండ పోవుడు. పొద్దటిసంది ఆయననే యాదికొస్తున్నడు. జర చాయ్ పొయ్యి, చెప్త.

అప్పటి బస్సు గిట్ల ఏసీది కాదు, డబ్బా. పోతుంటె కిటికీలన్ని దరువేసేటియి. పాటల పెట్టె ఉండె గని, దానికి ఎవడు మందు పెట్టిండో, మన క్యాసెట్ పెడితె రీలు నమిలేసేది. భజనలు నమిలింది, బతుకమ్మ పాటలు నమిలింది, హిందీయి సుత నమిలింది. సీటు కింద ఒక సంచి దొరికింది, నర్సింగన్నకంటె ముందు తోలిన గోవాయన ఇడిసిపోయిన ఇంగ్లీషు క్యాసెట్లు. అయి పెడితె మాత్రం కొత్త కోడలి లెక్క బుద్దిగ పాడేది. ఇగ ఏం చేస్తం, డ్యూటీకి పోంగ అదే, రాంగ అదే. సమజ్ కాకున్నా కాళ్లు ఊకుంటయా? ఒకదినం టైం కీపర్ హారూన్ భాయ్, హైదరాబాదాయన, మా బస్సెక్కిండు. జరసేపు ఇన్నడు, తలకాయ పట్టుకున్నడు. 'అరే నర్సింగ్ భాయ్, పొద్దు పొద్దుగాల ఏం పెట్టినవయా! సబ్ తలాఖ్ పాటలే!' ఏందంటె, ఆ గోవాయనను ఆయన పెండ్లాం ఇడిసిపోయిందట, ఏరి ఏరి అసొంటియే కొనుక్కున్నడట. ఒకడు పోతున్న అంటడు, ఒకామె పోతె పో అంటది, ఇంకొకడు నిన్ను మొత్తం మరిచిపోయిన అనుకుంట పాట పొడుగూత యాది చేస్కుంటడు! నర్సింగన్నకు గమ్మతనిపిచ్చింది. 'మనకాడ ఇడిసిపెడితె ఊరంత పంచాయితి, బుక్కెడు ముట్టరు. వీళ్లేందిరా, ఇడిసిపెట్టుకొని ఎగురుతున్నరు!' హారూన్ భాయ్ ముక్క ముక్క చెప్తున్నడు. నీకోసం చూసి చూసి నా వయసు పోయింది. మాటిచ్చి తప్పినవ్. నా నిద్ర ఖరాబ్ చేసినవ్. ఇగ నీ ఫోన్ ఎత్త, నీ గడప తొక్క. నర్సింగన్న బ్రేకు మీద నిలవడ్డడు. బస్సు ఆగింది. ఎన్కకు తిరిగి అన్నడు గదా, 'అరేయ్, ఇది మొగుడు పెండ్లాల పాట కాదురా! మన ఇఖామా కాయిదం గుప్పిట్ల పెట్టుకున్న కఫీల్ సేటు మీద పాట!' ఇగ చూస్కో, ఈలలు, కేకలు, సీట్ల మీద దరువు. పక్క బస్సుల ఈజిప్టోళ్లు మాకేమైందో అని పరేషాన్.

ఆనాటిసంది రివాజైంది. ఎవడు ఖలాస్ చేస్కొని ఇంటికి పోయినా, ఏర్‌పోర్ట్ దాక వాని పాట. హారూన్ భాయ్ అర్థం చెప్తడు, పోయెటోడు ఏరుకుంటడు. ఫోర్మన్ తోని లొల్లైనోడు కోపం పాట, దోస్తులను ఇడిసి పోలేనోడు ఏడుపు పాట. పెద్దిరాజు అని గోదావరాయన ఉండె, 'నాకు డోలు గట్టిగా ఉన్నది పెట్టండి బాబూ, అర్థంతో నాకేం పనండీ' అన్నడు. గని ఒక కట్టుబాటు. పాట పడ్డంక మళ్ల రావద్దు. వస్తె పాటకు మైల. నిజామాబాద్ గంగాప్రసాద్ ఉన్నడు చూడు, వాడు 'నీ మొకం చూడ' పాట పెట్టిచ్చుకొని, ఎగిరి, ఏడ్సి, అందరిని అలుముకొని పోయిండు. వానకాలం పంట కాంగనే కొత్త వీసా మీద దిగిండు! నర్సింగన్న ఏర్‌పోర్ట్‌కు పోయి ఎక్కిచ్చుకొని, మంగఫ్ దాక అదే పాట తిప్పి తిప్పి పెట్టిండు. వాడు చెవులు మూస్కొని, 'తప్పైందన్నా, నీ కాల్మొక్త, బంద్ చెయ్యే' అని ఒకటే మొర.

మరి ఆయన పాట ఎన్నడంటవా? గదే అసలు ముచ్చట. శుక్రవారం శుక్రవారం ఆయన పెండ్లాం, లస్మవ్వ వదిన ఫోన్ చేసేది. స్పీకర్ల పెట్టేది, మేమందరం ఇనేది. 'మందిని సాగదోలుడే పనా నీకు? నీ పాట ఎన్నడు పడ్తది? ముసల్దాన్నైతున్న ఈడ!' మేం కిసకిస. ఆయన మాత్రం లీవుకు పోయినప్పుడల్ల ఆ క్యాసెట్ల సంచి పెట్టెల ఏసి తాళమేసి పోయేది. ఎందుకన్నా అంటె, 'పాట పడితె ఖతం గదరా రాజం. ఆడ నేనెవన్ని? ఈడైతె డ్రైవర్ నర్సింగ్‌ను' అనేది. భయం. ఒక శుక్రవారం వదిన ఫోన్ రాలె. మళ్ల శుక్రవారం సుత రాలె. ఈయన చేస్తె ఎత్తలె. పరేషానై పక్కింటోళ్లకు చేసిండు. 'బాగనే ఉన్నదన్నా, సీరియల్ చూస్తున్నది. నీ ఫోన్ మాత్రం ఎత్తదట' అన్నరు. హారూన్ భాయ్ నవ్వలేక కడుపు పట్టుకొని కింద కూసున్నడు. 'భాయ్, వదిన నీ మీద పాట కట్టిందయా! నీ ఫోన్ ఎత్త, నీ గడప తొక్క!' నర్సింగన్న నవ్వలె. మొకం ఎర్రగైంది. సక్కగ ఆఫీసుకు పోయి, నేను పోత అని చెప్పచ్చిండు.

పోయే దినం స్టీరింగ్ ఎవ్వనికియ్యలె. నా బస్సు, నా పాట, నేనే తోల్త అన్నడు. ఇగ ఆ ఎగురుడు ఏం చెప్తం పిలగా, బస్సు ఒరిగి ఒరిగి పోయింది. ఏర్‌పోర్ట్ కాడ అందరిని అలుముకున్నడు, యల్లా, ఇగ పోతున్న అన్నడు, లోపటికి పోయిండు. మేం మళ్లెక్కి కూసున్నం. పాట నడుస్తనే ఉన్నది. చెమటలు తుడుసుకున్నం. 'ఇగ పోదమా?' అన్నడు ఒకడు. 'పా' అన్నడు ఇంకొకడు. అప్పుడు గంగాప్రసాద్ మెల్లగ, 'అవునే, బస్సు ఎవరు తోల్తరు?' పెండ్లి సందట్ల పుస్తె కట్టుడు మరిచినట్టాయె! ఎన్కకెల్లి హారన్లు, పోలీసాయన సీటీ. నేను ఉరికిన. అద్దం అవుతల లైన్ల నిలవడ్డడు. దబదబ కొట్టిన, 'అన్నా, బస్సు!' అద్దం దిక్కు ఒక అడుగేసిండు. వాపస్ వస్తె పాట మైల పడ్తది గదా! ఆయనకు సుత యాదికొచ్చింది. అడుగు ఎన్కకు తీస్కున్నడు. నా దిక్కు ఏలు పెట్టి, రెండు చేతులతోని స్టీరింగ్ తిప్పినట్టు చూపెట్టిండు. నా జేబుల లైసెన్సు ఉన్నదని ఆయనకొక్కనికే ఎర్క. ఎప్పుడో తీస్కున్న గని, మందిని ఎక్కిచ్చుకొని తోలాలంటె ధైర్యం చాలకపోయేది. తాళంచెవి బస్సుకే ఉన్నది. అందరు మరిచిపోయిండన్నరు. మరిచిపోయెటోడు కాదు ఆయన. ఇగ తోలిన. హారూన్ భాయ్ యా అల్లా అంటున్నడు, గంగాప్రసాద్ ఎములాడ రాజన్నకు కోడెను మొక్కుకున్నడు, మంగఫ్ వచ్చేదాక భయానికి భయం, నవ్వుకు నవ్వు.

మళ్ల రాలె. పాట నిలవెట్టుకున్నడు. ఇంటికి పోతె వదిన తలుపు తీయలేదట. 'గా ఇంగ్లీషు పాట పాడు, తీస్త' అన్నదట. వాడకట్టంత జమైతె, సూట్‌కేస్ మీద దరువేసుకుంట పాడిండట! కరోనప్పుడు ఆయన పానం పోయింది. వదిననే ఫోన్ చేసి చెప్పింది. బస్సుల ఒక్కన్నే ఉన్న. శాన ఏడ్సిన, పాట పెట్టబుద్ది కాలె. ఆయన సంచి నాకాన్నే ఉన్నది, నేను సుత తాళమేసే ఉంచిన ఇన్నేండ్లు. నువ్వెన్నడు పోతవని ఎవరన్న అడిగితె వచ్చే ఏడు అనుకుంట. ఏంది? మరి ఇప్పుడెందుకు పోతున్నవంటవా? మీ చిన్నమ్మ రాజమణి ఫోన్ ఎత్తుడు బంద్ చేసింది పిలగా. మూడు శుక్రవారాలాయె. లస్మవ్వ వదిన చెప్పి ఉంటది ఆమెకు.

రేపు బస్సు నేనే తోల్త. నీ లైసెన్సు జేబుల పెట్టుకో. ఏంది, గట్ల చూస్తున్నవ్? చాయ్ చల్లగైంది, తాగు. ఆ పాట మొదటికెల్లి పెట్టు.