భుజం మీద వేళ్ల అచ్చు

యాప్రాల్‌లో ఓ కాలనీ చివరి ఇల్లు. 2003 మార్చి, పొద్దున్న ఏడున్నర. బయట తుర్కపల్లి వెళ్లే కంపెనీ సుమో హారన్ కొడుతోంది. లోపల తొమ్మిదేళ్ల సహస్ర సోఫాలో ముడుచుకుని కూర్చుంది. వాళ్లమ్మ ధరణి చేతిలో చేతుల్లేని కొత్త గౌను ఉంది. ఆ గౌనును చూస్తేనే ఆవిడకి ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా ఆఫీసుకి తయారై వాళ్ల నాన్న ఫణిభూషణ్ నిలబడ్డాడు.

“తొడగనంటే తొడగను. మీరు అరిచి గీపెట్టినా సరే.”

“మెల్లిగా ధరణీ. బయట డ్రైవరు దానియేలు వింటాడు.”

“విననివ్వండి! దానియేలు వింటే పోతుందా మీ పరువు? పిల్ల నోరు విప్పి ఐదు రోజులైంది. ఐదు రోజులండీ! అమ్మా అనదు, ఆకలి అనదు. స్కూల్లో అటెండెన్సుకి కూడా పలకట్లేదని టీచరు డైరీలో రాసి పంపింది. అలాంటి పిల్లని తీసుకెళ్లి మూడొందల మంది ముందు మైకు దగ్గర నిలబెడతానంటారేంటి? మనిషేనా మీరు?”

“అందుకే నిలబెడతానంటున్నాను. నలుగురిలోకి వెళ్తే అదే మాట్లాడుతుంది. ఎంతసేపు, నాలుగు ముక్కలు. ‘మా నాన్న పేరు ఫణిభూషణ్. గోవాలో మా బోటు తిరగబడింది. మా నాన్న నన్ను కాపాడారు. థాంక్యూ నాన్నా.’ కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.”

“రాసిచ్చారు! పిల్ల చేత పొగిడించుకోడానికి మీరే రాసిచ్చారు!”

“నేనేమైనా అడిగానా? మా జనరల్ మేనేజరు గారే పిలిచి, సేఫ్టీ వారోత్సవం కదా ఫణిగారూ, మీరే ఒక మాట చెప్పండి అన్నారు. నోటీసు బోర్డులో నా పేరు పెట్టేశారు. ఇప్పుడు రానంటే బాగుంటుందా?”

“ఆయనకి ఎవరు చెప్పారో?”

“ఎవరో చెప్పుంటారు.”

“ఎవరో ఏంటి, మీరే. గోవా బస్సు దిగిన మర్నాడే సుమో ఎక్కి కోతలు మొదలెట్టుంటారు.”

“కోతలేంటి ధరణీ? కోతలేంటి? నీళ్లలో పడలేదా మేము? నువ్వు ఒడ్డున చెప్పులూ బ్యాగులూ పట్టుకుని నిలబడి చూళ్లేదూ?”

“అంత దూరంలో ఏం కనబడింది నా మొహం! పసుపుపచ్చ రబ్బరు బోటు, దాని మీద ఆరుగురు వరసగా గుర్రం ఎక్కినట్టు. ముందు స్పీడు బోటు లాక్కెళ్తోంది. చూస్తుండగా తలకిందులైంది. ఆరెంజి జాకెట్లు తేలాయి, అంతే. ఫ్యామిలీ రైడ్ అని రాశారు, పిల్లలు కూడా ఎక్కొచ్చని బోర్డు పెట్టారు కదా అని పంపాను. పారాచూట్ వద్దు, నీళ్ల స్కూటరు వద్దు, ఇదొక్కటే ఎక్కండి అని నేనే పంపాను. నా బుద్ధి గడ్డి తిని!”

“అల వచ్చింది. అలకి తిరగబడింది. నేనేం చెయ్యను?”

“అలే వచ్చిందా?”

“వచ్చింది.”

“నా మీద ఒట్టెయ్యండి.”

“చీటికీ మాటికీ ఒట్లేంటి? చదువుకున్నదానివి.”

“ఒట్టెయ్యమంటే వెయ్యరేం? చూడండి, ఒట్టు అన్న మాట వినగానే పిల్ల ఎలా బెదిరిపోయిందో! ఏం లేదే బంగారూ, ఏం లేదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకోకమ్మా. ఎప్పుడు చూసినా రెండు చేతులూ నోటి మీదే.”

“ఉప్పునీళ్లు మింగింది. గొంతు నొప్పేమో.”

“సైనిక్‌పురి డాక్టరు టార్చిలైటు వేసి చూశాడు. గొంతులో ఏమీ లేదన్నాడు. భయపడిందన్నాడు. మీ అమ్మగారు కాకినాడ నుంచి ఫోను చేసి, దిష్టి తగిలింది, ఎండుమిరపకాయలు దిగతియ్యమన్నారు. తీశాను. దగ్గొచ్చింది గానీ మాట రాలేదు. పొద్దున్న మెలకువ రాగానే అది ఏం చేస్తోందో తెలుసా మీకు? నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది, ఊపిరి ఆడుతోందా లేదా అని. తను మునిగి నా ఊపిరి చూడటమేంటండీ?”

“సార్! ఓ సార్! జల్దీ రాన్రి సార్, తూముకుంట కాడ ఇంక ఇద్దరు ఎక్కాలె.”

“వస్తున్నా దానియేలూ, రెండు నిమిషాలు.”

“రెండు నిమిషాలని పది నిమిషాలాయె. లేటైతే గేటు కాడ నా పేరు రాస్తరు సార్. నమస్తే మేడం. పాప గూడ వస్తాందంట గదా? సారు సముద్రంల పాపను ఎట్ల బయటికి గుంజిన్రో రోజు బండ్ల జెప్తున్రు. మస్తు ఖుషీ అయిన మేడం.”

“రోజూ చెబుతున్నారా? ఏమని?”

“దానియేలూ, నువ్వు వెళ్లి బండి స్టార్ట్ చెయ్యి.”

“ఆగు దానియేలూ. ఏమని చెప్పారు సారు?”

“పాపను ఒక్క చేత పట్టుకొని ఈదిన అన్నరు మేడం. మంగళారం పది గజాలన్నరు. నిన్న ముప్పై గజాలన్నరు. నేనే తప్పు విన్న కావచ్చు.”

“ఈదారా! మా ఆయనకి ఈతా? కాకినాడలో పుట్టారన్న మాటే గానీ, మోకాళ్ల దాకా తడిస్తే వెనక్కి వచ్చేస్తారు దానియేలూ! బోటు వచ్చేదాకా పిల్లని పట్టుకుని తేలానన్నారు నాతో. ఈదానన్నారా అక్కడ?”

“జాకెట్ ఉంది కదా, కాళ్లు ఆడించాను. దాన్నే ఈత అన్నాను. ఇప్పుడు దీనికి కోర్టు పెట్టాలా? పద, గౌను తొడుగు.”

“ఈ గౌనుకి చేతుల్లేవు.”

“అయితే?”

“భుజం మీద మచ్చలు కనబడతాయి.”

“స్వెట్టర్ వెయ్యి.”

“మార్చి ఎండలో స్వెట్టరా? కనబడితే ఏమైంది, మీరు పట్టుకుని కాపాడిన గుర్తులే కదా? చూపించండి మీ జనరల్ మేనేజరు గారికి! దాచడమెందుకు?”

“ఏం మచ్చలు మేడం?”

“రా దానియేలూ, నువ్వూ చూడు. ఐదు రోజులైనా ఇంకా నల్లగా ఎలా ఉన్నాయో. ఇదిగో, ఐదు వేళ్లు అచ్చు దిగాయి.”

“అరెరె! పసిపోరికి గిట్లనా? ఏదమ్మా, గిటు తిరుగు బిడ్డా. ఏం అననులే. సార్, గివి గుంజితే వడ్డయి కావు సార్.”

“నీకేం తెలుసయ్యా? పో, బండి దగ్గరికి నడు.”

“తెలువకుండ ఎట్లుంటది సార్? మాది లాల్‌గడి మలక్‌పేట్. బాయిల దుంకి ఈత నేర్చినోళ్లం. శామీర్‌పేట చెర్వుల మునిగెటోళ్లను నలుగురిని తీసిన ఈ చేతులతోని. మేం గుంజితే ఎంటికలు వట్టి గుంజుతం. లేదంటే ఎనకకెళ్లి సంకల చెయ్యేసి లేపుతం. భుజం మీద పైకెళ్లి ఎప్పుడు వట్టం. గిది సూడున్రి మేడం, పైకెళ్లి కిందికి అదిమినట్టున్నది. గోర్లు గూడ దిగినయి. మునిగెటోడు పైకెక్కనీకి వట్టే పట్టు గిది.”

“అంటే?”

“అంటే ఎవడో పాప మీదికెక్కిండు మేడం. పాపను నీళ్లల్లకు తొక్కి వాడు ఊపిరి దీసుకున్నడు. ఎవడు సార్ వాడు? గా బోటు మీద మీ తోని ఎక్కినోడా? మీరు సూస్కుంట ఎట్ల ఊకున్నరు సార్? నేనుంటే గా బద్మాష్‌గాని చెంప వగలగొడ్తుంటి!”

“దానియేలూ, నోర్ముయ్.”

“నన్నెందుకు నోర్ముయ్యమంటున్నరు? పాపను తొక్కినోన్ని అనాలె గని.”

“ఏవండీ.”

“నాకు టైమవుతోంది.”

“ఒక్కసారి మీ చెయ్యి దాని భుజం మీద పెట్టండి.”

“ఎందుకు?”

“పెట్టండి.”

“పిచ్చా నీకు? డ్రైవరు ముందు ఏంటీ తమాషా?”

“పెట్టండీ! ఆ మచ్చల మీద మీ వేళ్లు పెట్టండి! సహస్రా, నువ్వెందుకే తల అడ్డంగా ఊపుతున్నావ్? ఏం వద్దంటున్నావ్? ఎందుకే ఆ ఏడుపు? ఏవండీ, చెయ్యి తియ్యరేం జేబులోంచి?”

“నేనే!”

“ఏంటి నేనే?”

“నేనేనయ్యా దానియేలూ, నువ్వన్న బద్మాష్‌ని. చాలా? కొట్టు, చెంప పగలగొట్టు. ధరణీ, నీకూ చాలా?”

“సార్, నేను... నాకు ఎరుక లేదు సార్.”

“అల రాలేదు. ఏ అలా రాలేదు. బోటువాడు ముందే అడిగాడు, చివర్లో పల్టీ కొట్టించమంటారా, వద్దా అని. ఎక్కిన కుర్రాళ్లంతా పల్టీ పల్టీ అని అరిచారు. పిల్ల ఉంది కదా సాబ్, మీకు ఈత వచ్చా అని నన్నడిగాడు. మాది కాకినాడ, సముద్రం మాకు కొత్తేంటి అన్నాను.”

“అయ్యో, అయ్యో!”

“పొట్ట దగ్గర బిగుతుగా ఉందని జాకెట్టు బెల్టు వదిలేశాను. నీళ్లలో పడగానే ఆ జాకెట్టు పైకి లేచి మొహానికి అడ్డం పడింది. ముక్కులో నీళ్లు, నోట్లో నీళ్లు. చేతికి ఏదో దొరికింది. పట్టుకున్నాను. ఎక్కాను. ఆ బోటు కుర్రాడు వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటీ విరిచినట్టు విడదీశాడు. దీన్ని వాడే లాగాడు. నేను కాదు.”

“అది పిల్ల అని తెలీదా మీకు? చెప్పండి, తెలీదనైనా చెప్పండి!”

“తెలుసు.”

“ఏంటీ?”

“దాని జడ నా మెడకి చుట్టుకుంది. రిబ్బను కనబడింది. సహస్ర అని తెలుసు ధరణీ. తెలిసీ వదల్లేకపోయాను.”

“ఛీ! తెలిసీ! తెలిసీ దాని మీద నిలబడి ఊపిరి పీల్చుకుని, ఇప్పుడు దాని చేత థాంక్యూ నాన్నా అనిపిస్తారా? మైకులో! చప్పట్లు కొట్టించుకుంటారా! నోరెలా వచ్చిందండీ మీకు? ఆ కాగితం మీద రాయడానికి చెయ్యెలా వచ్చింది?”

“మేడం, జర ఇనున్రి. మునిగెటోనికి పెండ్లాం ఎరుకుండదు, పిల్లలు ఎరుకుండరు. మా తమ్ముడు జాన్సన్ గూడ బాయిల నన్ను గట్లనే తొక్కిండు. వాడేం పగోడు గాదు. గప్పుడు మనిషి మనిషి తీరు ఉండడు.”

“నువ్వాగు దానియేలూ! నీళ్లలో చేసింది నేను ఏడ్చి ఊరుకుంటాను. ఒడ్డుకొచ్చాక చేసిందాని మాటేంటి? ఐదు రోజులు! డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే తిప్పాను. దిష్టి తీశాను. పిల్ల మూగదైపోయిందేమోనని నా గుండె నా దగ్గర లేదు. ఈయన సుమోలో కూర్చుని ముప్పై గజాలు ఈదారట!”

“నాకు మాత్రం నిద్ర పడుతోందా? అది ఎందుకు మాట్లాడట్లేదో నాకు తెలుసు. నా మొహం చూడాలంటే దానికి అసహ్యం. నీతో మాట్లాడితే నాతోనూ మాట్లాడాలి కదా, అందుకే ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఒక్కసారి, ఒక్కసారి దాని నోటితో ఆ నాలుగు ముక్కలు వింటే, అబద్ధమైనా సరే...”

“చించెయ్యండి ఆ కాగితం.”

“ధరణీ...”

“చించండి! దాని ముందే చించండి. దానియేలూ, నువ్వు వెళ్లు. సారు ఇవాళ రారని చెప్పు. ఆయన్ని కాపాడింది పిల్లేనని కూడా చెప్పు మీ జనరల్ మేనేజరుకి.”

“సార్ రారని జెప్త మేడం. రెండోది నేను జెప్ప. గది సారే జెప్పుకోవాలె.”

“చెప్తాను. చించేశాను, చూడు. సహస్రా, చూడమ్మా, చించేశాను. నువ్వు రావక్కర్లేదు. థాంక్యూ చెప్పక్కర్లేదు. నన్ను క్షమించక్కర్లేదు. అమ్మతో మాట్లాడు చాలు. నన్ను తిట్టు, కొట్టు, అమ్మతో మాత్రం ఒక్క మాట...”

“ఇప్పుడు చెప్పింది నువ్వే కదా నాన్నా? నేను చెప్పలేదు కదా?”

“బంగారూ! మాటొచ్చిందే నీకు! ఏంటమ్మా, ఏం చెప్పలేదు నువ్వు?”

“మేడం, ఏడ్వకున్రి. పాపను చెప్పనియ్యున్రి.”

“నీళ్లలోంచి తీసి బోటు ఎక్కించాక నాన్న నా చెయ్యి పట్టుకుని, అమ్మ మీద ఒట్టు, ఇది అమ్మకి చెప్పకూడదు అన్నాడు. నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందేమోనని తెరవలేదమ్మా. చెప్పేసింది నాన్నేగా, నేను కాదుగా... నువ్వు చచ్చిపోవు కదా?”