గుర్రం ఎన్ని కాళ్ళు లేపాలి?

రాజాం దగ్గర ఒక పల్లె. కల్లంలో తాటాకు పందిరి కింద సగం పూర్తయిన సిమెంటు గుర్రం, దాని మీద మనిషి. బొమ్మలు చేసే త్రినాథ్, చేయించుకునే నరసింగరావు మాట్లాడుకుంటున్నారు. నరసింగరావు భార్య ఈశ్వరి తరవాత వస్తుంది.

"అలాగ మాట దాటెయ్యకండి బాబూ. మీ ముత్తాత ఎలాగ పోయినాడో సెప్పండి."

"ఎలాగ పోతే నీకేటయ్యా త్రినాథూ? బొమ్మ సెయ్యమన్నాను గానీ పోస్టుమార్టం సెయ్యమన్నానా?"

"గుర్రం కాళ్ళ కోసం అడుగుతన్నాను. సాయంత్రం సిమెంటు కలిపీస్తాను. ఇప్పుడైతే లోపలి ఇనప ఊస ఎటు వంచితే అటు వంగుతాది. సిమెంటు పడ్డాక మీరు బతిమాలినా వంగదు."

"గుర్రం కాళ్ళకీ మా ముత్తాత సావుకీ సమ్మందం ఏటి?"

"ఆ మాట మీ తోడల్లుడు గారిని అడగండి. మోహనకృష్ణ గారు వాళ్ళ తాత బొమ్మ ఓపెనింగు రోజున మైకులో అదే సెప్పినారు. గుర్రం ముందు కాళ్ళు రెండూ లేస్తే మీదున్నాయన యుద్ధంలో పోయినట్టంట. ఒక కాలు లేస్తే గాయాలు తగిలి తరవాత పోయినట్టంట. నాలుగూ భూమ్మీదుంటే మంచంలో పోయినట్టంట."

"ఎక్కడి రూలది?"

"వాట్సాప్‌లో వచ్చిందంట. నాకు తెలిసిన రూలు ఒకటే బాబూ. ఊస లావుగా ఉంటే ఎన్ని కాళ్ళయినా లేపొచ్చు. కానీ ఇప్పుడు సుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ రూలు వచ్చీసింది. గుర్రం కనపడితే సాలు, మీదున్నాయన్ని వొగ్గీసి కాళ్ళు సూస్తన్నారు."

"మోహనకృష్ణ వాళ్ళ గుర్రం ఎన్ని లేపింది?"

"ఒకటి. అదీ నేనే సేసినాను. మొదట ఎనక కాలు లేపమన్నారు. వద్దు బాబూ, కరెంటు స్తంభం కాడ ఆగినట్టుంటాది అని నేనే మాన్పించినాను."

"హహ్హ! ఎనక కాలంట! ఆడి తెలివి అంతే. ఇన్సూరెన్సు పాలసీలమ్మీవోడికి గుర్రాల సంగతి ఏటి తెలుస్తాది? అయితే మనది రెండు కాళ్ళు! రెండూ లేపీ త్రినాథూ! ఆడి తాతకి వొట్టి గాయం, మా ముత్తాతకి వీరమరణం!"

"లేపొచ్చు. కానీ రెండు కాళ్ళు లేపితే బరువంతా ఎనక్కొచ్చీస్తాది. తోక భూమికి దింపాల, లోపల ఊస పెట్టి."

"తోక ఎంత కావాలంటే అంత దింపు. తోక గురించి వాట్సాప్‌లో ఏటీ రానేదు కదా?"

"ఇంకా రానేదు. కానీ తరవాత మాట రాకూడదు బాబూ. పేరుకి ముత్తాత గానీ ఎన్నో తరాల కిందటి మాట, ఆ పాత కోట యుద్ధంలోనే పోయినాడా ఆయన? ఖాయమేనా?"

"ఖాయమేటయ్యా! మా లక్ష్ముడు తాత అంటే..."

"టీ తెచ్చినాను. ఖాయమో కాదో నన్నడుగు త్రినాథూ."

"నిన్నెవుడూ అడగనేదు ఈశ్వరీ. టీ అక్కడెట్టీసి ఎల్లు."

"ఎల్తానులే మావా. ముందు నా సీపురు నాకిచ్చీ. పొద్దుటి నుంచీ ఎతుకుతన్నాను."

"సీపురు ఇక్కడుందమ్మా. కత్తి ఎలాగ పట్టుకోవాలో సూపిస్తానని బాబుగారే తెచ్చినారు. ఆ ధాన్యం బస్తాల మీద కూకుని, సీపురు దూసి..."

"త్రినాథూ, సూసినవన్నీ సెప్పక్కర్నేదు."

"ఓలమ్మ! సీపురుతో యుద్ధమా! అదుండనీ, గుర్రం మీద ఆ ముఖం ఏటిది? అచ్చం నీలాగున్నాది మావా!"

"ముత్తాత ఫొటో నేదు కదమ్మా. రక్తం ఒకటే కదా అని బాబుగారు తనదే ఇచ్చినారు. బేంకు పాసుబుక్కులోది."

"అందుకేనా కళ్ళు అలాగ ఎర్రిగా సూస్తన్నాయి. ఆ ముఖంతో యుద్ధానికి ఎల్తే సైన్యం పారిపోదు మావా, 'ఏటి బాబూ, ఎవుళ్ళు కావాల' అని దారి సూపిస్తాది."

"కళ్ళని ఎవుళ్ళు సూస్తారే? మీసాలు సూడు, మీసాలు!"

"సూసినాను. జానెడున్నాయి. ఎవుళ్ళు పెట్టమన్నారు?"

"నేనే. వీరుడన్నాక మీసాలుండవేటి? నీకేటి కోపం మీసాల మీద?"

"ఏం నేదులే."

"ఏం నేకపోతే అలాగ ముఖం తిప్పుకుంటావేటి?"

"ఏం నేదన్నాను కదా. మీ మాటలు కానియ్యండి."

"కాళ్ళు, బాబూ."

"ఆఁ, కాళ్ళు. ఇను త్రినాథూ. ఎల్లుండి జాతర రోజున ఓపెనింగు. మైకులో నేనేటి సెప్తానో ఇను, ఎన్ని కాళ్ళో నీకే తెలుస్తాది. 'కోట సుట్టూ పరాయి సైన్యం! లోపల మనోళ్ళు పిడికెడు! గుర్రమెక్కి కత్తి దూసినాడు మా లక్ష్ముడు తాత! ఆ గుర్రం తిరిగి రానేదు, ఎక్కిన మనిషీ తిరిగి రానేదు!' ఏటి, ఎలాగుంది?"

"ఒళ్ళు జలదరించింది బాబూ."

"ఇంకా ఉంది. 'ఆ మహావీరుడి ఒక్కగానొక్క కొడుకు మా కరువన్న తాత! కోట పడ్డ మూడో ఏడు, గొప్ప కరువులో పుట్టినాడు గనకే ఆయనకి ఆ పేరు...'"

"ఆగు మావా. మూడో ఏడు ఏటి?"

"కరువు. మూడో ఏడే కదా కరువొచ్చింది."

"కరువు సంగతి కాదు, పుట్టిన గుంటడి సంగతి. కోట పడ్డ రోజున అయ్య సచ్చిపోయినాడు. అవునా?"

"అవును."

"మూడో ఏట కొడుకు పుట్టినాడు."

"అవును."

"అవునా?"

"అవు... ఆగు."

"టీ సల్లారిపోతాది. తాగు."

"ఆగవే. కోట పడింది. ఆ తరవాత ఏడు, ఆ మరుసటేడు... త్రినాథూ, నువ్వు నవ్వకు."

"నేను నవ్వనేదు బాబూ. కంట్లో సిమెంటు దుమ్ము పడింది."

"ఏనుగైనా అన్నాళ్ళు మొయ్యదు మావా."

"నోరు ముయ్యవే! మా ముత్తవ్వని అంతేసి మాట అంటావా?"

"నేనెక్కడన్నాను? నువ్వే మైకులో అంటానన్నావు."

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ కత సెప్తన్నాను. పెళ్ళిళ్ళలో సెప్పినాను, సంబరాల్లో సెప్పినాను. ఒక్కడూ ఇలాటి పాడు లెక్క కట్టనేదు."

"ఒకడు కట్టినాడు. అక్క పొద్దున్నే ఫోను సేసింది. వాళ్ళాయన ఎల్లుండి ముందు వరసలో కుర్చీ ఎయ్యమంటన్నాడంట. అందరి ముందూ నిన్నొక ప్రశ్న అడుగుతాడంట."

"మోహనకృష్ణా? ఏ ప్రశ్న?"

"నేను ఇప్పుడడిగిందే అయ్యుంటాది. ఇన్సూరెన్సాయన మరి. పుట్టిన తారీకూ పోయిన తారీకూ సూసుకోవడమే కదా ఆయన పని."

"ఓరి నాయనో! ఎమ్మార్వో గారొస్తన్నారు, బళ్ళో పిల్లలందరూ వస్తన్నారు, టెంటుకి బయానా ఇచ్చీసినాను! త్రినాథూ, ఏటి సేద్దాం?"

"మీరే సెప్పాల. రెండు కాళ్ళు లేపితే?"

"మా ముత్తవ్వ పరువు పోతాది."

"నాలుగూ దించీస్తే?"

"మా ముత్తాత పరువు పోతాది. యుద్ధం నుంచి పారిపోయొచ్చి మంచమెక్కినాడంటారు."

"ఒకటి లేపితే?"

"మా తోడల్లుణ్ణి సూసి కాపీ కొట్టినానంటారు. నా పరువు పోతాది."

"ఒకటిన్నర లేపుదునా బాబూ?"

"ఏళాకోళమా?"

"కాదు బాబూ, అది లేస్తన్నాదో దిగుతన్నాదో సూసినోళ్ళే తేల్సుకుంటారని."

"అసలు తిరిగొచ్చినాడో నేదో తెలిస్తే కదా కాళ్ళ సంగతి! ఎవుళ్ళనడగాల ఇప్పుడు? పెద్దోళ్ళందరూ పోయినారు."

"తిరిగొచ్చినాడు."

"నీకెలాగ తెలుసే?"

"ఏటేటా జాతరకి నువ్వు సీర కట్టుకుని..."

"ఒసే! పరాయి మనిషి ముందు!"

"సీరేటమ్మా?"

"ఏం నేదు త్రినాథూ. ఇంటి ఆచారం. నువ్వు ఊసలు సూసుకో."

"ఎల్లుండి ఎలాగూ సూస్తాడు కదా, దాపరికమేటి? మా ఇంటి పేరంటాలు అసిరమ్మ అని ఉన్నాది త్రినాథూ. ఎప్పుడో పోయి దేవతైన ఆడకూతురు. జాతరకి ఆవిడ గుడికి ఎల్లినప్పుడు ఇంటి పెద్దోడు సీర కట్టుకుని, నెత్తి మీద బుట్టెట్టుకుని, తల వంచుకుని నడవాల. పెద్ద కోడలు తలపాగా సుట్టుకుని, కత్తి పట్టుకుని, ముందు నడవాల."

"అంటే బాబుగారు..."

"ఆకుపచ్చ నేత సీర. నిరుడు నా పట్టుసీర అడిగినాడు. ఇవ్వనేదు."

"ఆ నేత సీర నడుం కాడ గుచ్చుకుంటాది త్రినాథూ. అందుకడిగినాను, మురిపానికి కాదు."

"అవునవును బాబూ."

"ఎందుకలాగ నడవాలో ఎప్పుడైనా అడిగినావా మావా?"

"ఆచారాన్ని ఎందుకని అడుగుతారేటి? మా నాన్న కట్టినాడు, నేను కడతన్నాను."

"నేను కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మ నన్ను కూకోబెట్టి సెప్పింది. ఆవిడికి వాళ్ళత్త సెప్పింది. ఈ మాట కోడలి నుంచి కోడలికే వస్తాది. మగోళ్ళకి సెప్పకూడదు."

"ఎందుకు సెప్పకూడదు?"

"సెప్తే సీర కట్టడం మానీస్తారని."

"అయితే నాకూ సెప్పొద్దులే."

"సెప్తాను. ఇన్నాళ్ళూ నోరు కట్టుకునే ఉన్నాను. ఇప్పుడీ మీసాలు సూసినాక కడుపు రగిలిపోతన్నాది. నాకు ఏడుపొస్తన్నాది మావా."

"నీ దుంప తెగ, మీసాలు నిన్నేటి సేసినాయే?"

"ఇను. కోట పడ్డ రోజున లక్ష్ముడు తాతకి సలిజరం. లేసి నిలబడ్డానికి కాళ్ళు నేవు. ఆడోళ్ళూ పిల్లలూ బయటికి పోవచ్చు, మగోడన్నవోడు కనపడితే నరికీడమేనని పరాయి సైన్యం సాటింపేసింది."

"అమ్మో! ఆడోళ్ళలో కలిసి పారిపోయొచ్చినాడా? సీర కట్టుకుని?"

"తనంతట తను కట్టుకోనేదు. పెళ్ళాం కట్టింది. వణుకుతన్న మనిషికి తన ఒంటి మీది సీర ఇప్పి సుట్టి, నెత్తి మీద కోళ్ళ బుట్టెట్టి, తల ఎత్తకు అని సెప్పి, ఆడోళ్ళ గుంపులోకి తోసీసింది."

"సచ్చినాను. ఎల్లుండి ఏ ముఖం పెట్టుకుని నిలబడతాను? నాలుగు కాళ్ళూ దించీ త్రినాథూ. అదీ కాదు, గుర్రాన్ని పడుకోబెట్టీ."

"పడుకున్న గుర్రం నాకు రాదు బాబూ. నందిలాగ వచ్చీస్తాది."

"ముత్తాతకి కోళ్ళ బుట్ట! మోహనకృష్ణకి ఇది తెలిస్తే బతకనిస్తాడా?"

"పూర్తిగా ఇనవేటి? సీర మొగుడికి ఇచ్చీసింది కదా. మరి ఆవిడేటి కట్టుకుంది?"

"ఏటి... ఏటి కట్టుకుంది?"

"ఆయన పంచె, ఆయన తలపాగా. లక్ష్ముడి గుర్రమంటే బయటున్న సైన్యానికీ తెలుసు. దాని మీద మనిషి నేకపోతే ఆడోళ్ళ గుంపులో ఎతుకుతారు. అందుకని ఎక్కింది. కత్తి దూసి ఎదురెల్లింది. లక్ష్ముడు వస్తన్నాడు, లక్ష్ముడు వస్తన్నాడని సైన్యమంతా అటు పరిగెట్టింది. బుట్ట మోసినోడు ఇటు నుంచి బయటపడ్డాడు."

"ఆవిడ?"

"నువ్వు మైకులో సెప్పీది నిజమే మావా. ఆ గుర్రం తిరిగి రానేదు, ఎక్కిన మనిషీ తిరిగి రానేదు."

"పేరేటి ఆవిడిది?"

"నీకు తెలుసు. ఏటేటా పసుపు రాసి దండం ఎడతావు."

"అసిరమ్మ తల్లా!"

"పిల్లలు పుట్టకుండానే పోయింది. తరవాత పెద్దోళ్ళు ఆయనకి మారుమనువు సేసినారు. ఆ రెండో ఆవిడ కొడుకే మీ కరువన్న తాత. మీ ముత్తవ్వ పరువుకి ఏటీ కానేదు, బెంగెట్టుకోకు. ఈ ఆచారం పెట్టిందీ ఆవిడే. 'నాకు మొగుణ్ణి మిగిల్చింది అసిరమ్మక్క. ఏటేటా సీర కట్టుకుని ఆవిడ ఎనకాల నడిస్తేనే నా సేతి కూడు' అందంట. ఆయన బతికున్నన్నాళ్ళూ నడిచినాడు."

"నాకు ఎన్నడూ తెలీనేదే ఈశ్వరీ. జాతరకి ఆ సీర కట్టినప్పుడల్లా, జనం నవ్వుతారేమో అని సిగ్గుతో తల వంచుకునీవోణ్ణి."

"తల వంచాల్సిందే. సిగ్గుతో కాదు, అంతే."

"ఆ టీ ఇలాగియ్యి."

"సల్లారిపోయింది."

"సల్లారితే సల్లారింది, ఇయ్యి."

"మరో గ్లాసు ఏడిది తెస్తానుండు. ఏడవకు మావా, త్రినాథ్ సూస్తన్నాడు."

"నేనెక్కడ ఏడుస్తన్నాను? సిమెంటు దుమ్ము."

"అవునమ్మా, ఇక్కడ దుమ్ము ఎక్కువ. బాబూ, పొద్దు వాలిపోతన్నాది. మోహనకృష్ణ గారు ముందు వరసలో కూకుని అడుగుతారంట. కాళ్ళు ఒకటా, రెండా, నాలుగూ కిందేనా? తేల్సీండి, నేను ఊసలు వంచుకోవాల."

"అడగనీ. ఆడికి మంచి కుర్చీ ఎయ్యిస్తాను. త్రినాథూ!"

"బాబూ."

"కాళ్ళు రెండూ లేపీ. మీసాలు తీసీ."