తలుపు ఎక్కడ తెరుచుకోవాలి

భూగర్భ రైలు స్టేషను. ప్లాట్‌ఫాం బెంచీ దగ్గర కోడలు, రిటైరైన రైలు డ్రైవరు మామగారు.

“చెయ్యి వదులు! నాకేం కళ్లు పోలేదు.”

“పోలేదు లెండి. కూర్చోండి. అసలే ఎస్కలేటర్ పాడై, మిమ్మల్ని ఇన్ని మెట్లు దింపేసరికి ప్రాణం తోకకొచ్చింది.”

“కూర్చోను. స్టేషన్ మాస్టర్ గది ఎటు? ఫిర్యాదు చెయ్యాలి.”

“ఎస్కలేటర్ గురించా?”

“నీ మొగుడి గురించి.”

“మీ కొడుకు గురించి అనండి.”

“కొడుకైతే తండ్రికి చూపు ఆనట్లేదని ఆఫీసులో చెప్పి బండి దింపించేస్తాడా?”

“మామయ్యా, అది పాత గొడవ...”

“సరే, కొత్తదే చెప్తా. వాడికి బండి నేర్పిందెవరు?”

“మీరే.”

“బండి ఆగాల్సిన గుర్తు దగ్గర ఆపితే తలుపు ఎక్కడ తెరుచుకోవాలి? అదిగో, ఆ స్తంభం దగ్గర. డ్రైవర్లందరూ అక్కడే తెరుస్తున్నారు. వీడొక్కడు మాత్రం...”

“మీ ఎదురుగా.”

“సరిగ్గా నా ముక్కు ముందు! రోజూ నాలుగు గజాలు వెనకే ఆపేస్తున్నాడు. నన్ను వెక్కిరించడానికి కాకపోతే మరెందుకు?”

“ఏమో, మీరే అడగండి. మీరు ఆయనతో మాట్లాడరు, ఆయన మీతో మాట్లాడరు. మధ్యలో నేను నలిగి చస్తున్నా.”

“పద, స్టేషన్ మాస్టర్ దగ్గరికి.”

“వద్దు మామయ్యా! ఆయన్ని ఇప్పటికే పిలిచి చీవాట్లు పెట్టారు. ఇంకోసారి గుర్తు తప్పితే బండి దించేస్తామన్నారు.”

“చూశావా! అయినా బుద్ధి రాలేదా?”

“రాలేదు.”

“ఎందుకు రాలేదు?”

“చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.”

“ఎవరు?”

“ఇంకెవరు?”

“ఒట్టూ లేదు గట్టూ లేదు, చెప్పు.”

“స్తంభం దాకా నడిస్తే మీరు ప్లాట్‌ఫాం అంచు మీదకి వెళ్లిపోతున్నారు. కర్ర పట్టుకోరు, నా చెయ్యి పట్టుకోరు. ఆమధ్య కాలు జారబోయిందే, అది బండిలోంచి ఆయన చూశారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచే ఇలా ఆపుతున్నారు.”

“అది వాడు చూశాడా?”

“మామయ్యా? బండి వస్తోంది. అయ్యో, ఎక్కడికి? ఫిర్యాదు మాత్రం వద్దు, మీకు దణ్ణం పెడతా!”

“చెయ్యి ఇలా ఇవ్వు.”

“ఆఁ?”

“చెయ్యి ఇవ్వమన్నా. గట్టిగా పట్టుకో. ఆ స్తంభం దగ్గర నుంచుందాం, వాడికి కనబడేట్టు. ఇవాళ బండి గుర్తు దగ్గరే ఆగాలి.”