జానెడు మట్టి

ఇంకెంత తవ్వాలె మేడమ్? నాలుగు వేళ్ల లోతుకే పార టంగుమంటుంది, ఇనొస్తలేదా? జానెడు లోతు మట్టి తియ్యాలె అని మీ కాయిదంల ఉంటే నేనేం జేసేది? ఈ చేన్ల జానెడు లేదు. ఉన్నకాడికి సంచిల పోస్కోన్రి. వ్యవసాయశాఖ నుంచి వర్షిత మేడమ్ వస్తది, మట్టి పరీక్ష చేస్తది అని ఊరంత చెప్పిన్రు. పరీక్షకు మట్టి ఉండాలె గద!

రాసుకుంటున్రా? రాయున్రి. పేరు సదాశివ. కోహీర్ మండలం. రెండెకరాలు. మొరం, అంత గులకరాళ్లే.

ఎప్పటిసంది మొరం అంటరా? మా నాయిన పంచినప్పటిసంది. తమ్ముడు మహిధర్‌కు కింది చేను వచ్చింది, పళ్లెం లెక్క చదును. నాకు ఈ వాలు వచ్చింది. నా పెండ్లాం యాదమ్మది న్యాల్‌కల్ దిక్కు, నల్లరేగడి. పెండ్లయి వచ్చి మొదటిపారి ఈ చేను జూసి, "ఇది నేలనా, గోడనా?" అన్నది. ఏడ్వలె. అడిగింది, అంతే.

నేనేం జెప్పాలె? బండ ఎండకు పగుల్తది, వానకు నాంతది, పగుళ్లల్ల పాచి పడ్తది, గడ్డి మొలుస్తది, అది కుళ్లి, పురుగు తిని, మట్టైతది అని మీరు ఇప్పుడు చెప్పిన్రు. బొటనవేలంత మందానికి వందల ఏండ్లు పడ్తది అని గూడ చెప్పిన్రు. మాకప్పుడు ఎవ్వరు చెప్పలె. మంచిదే అయింది. తెలిస్తే ఆమె మొదలే పెట్టకపోవునేమో.

మొదలువెట్టింది మేడమ్. రాళ్లేరి వాలుకు అడ్డంగ కట్టలేసింది. వానకు జారే మట్టి ఆడ ఆగేది. ఎండకాలం చెరువు పూడిక తెచ్చి పోసింది. బండి నేనే తోలిన, అది గూడ రాయున్రి. ఎరువుకని గొర్లమంద నిలవెట్టించింది. కానుగాకు పరిచింది. పెసర ఏసి, పూతల ఉండంగనే కలియదున్నమన్నది. "పెసలు మనుషులు తింటరు గని మట్టికి పెడ్తరా?" అని నేను గొణిగిన. "మట్టి గూడ తింటది. తిన్నంకనే పెడ్తది," అన్నది.

ఏడో ఏడు ఒకనాడు నేను గట్టు మీద అన్నం తింటున్న. "జర రా!" అని కేకేసింది. పామేమో అని చెయ్యి కడుక్కోకుంటనే ఉరికిన. అరచేతుల ఎర్రను పట్టుకొని నిలబడ్డది. వానపాము మేడమ్. "వచ్చింది," అన్నది, చుట్టమొచ్చినట్టు. మా కొడుకు సృజన్ పుట్టిన్నాడు గూడ అంత నవ్వలె.

ఇరవై ఎనిమిదేండ్లు! జానెడు అయింది. కొన్ని జాగలల్ల జానెడున్నర. చెయ్యి పెడ్తే మణికట్టు దాక లోపటికి పోయేది. కందులు, జొన్నలు, అనుములు. తమ్ముని చేన్ల కన్న మంచిగనే పండినయి, ఏ మాటకామాట.

పోయినేడు ఎండకాలం ఆమె జారిపడి తుంటి ఎముక ఇరిగింది. జహీరాబాద్ దవాఖానల ఇరవై దినాలు. గప్పుడొచ్చిండు జగన్‌మోహన్. చిరాగ్‌పల్లి దిక్కు ఎవరిదో గోదాంకు మన్ను పోయించే మనిషి. "కాకా, నీ చేను వాలున్నది. జేసీబీతోని చదును చేసిస్త. ఎక్కువైన మన్ను నేను తీస్కపోత," అన్నడు.

సరే అన్న. మూడు దినాలు నడిచింది. వాళ్లకు ఛాయ్ నేనే పోసిన. అయిపోయినంక చూస్తే కబడ్డీ ఆడొచ్చు! మస్తు ఖుషీ అయిన మేడమ్, అబద్ధమెందుకు? ఆమె నడిచి వచ్చిన్నాడు చూపిద్దామని ఇంట్ల చెప్పలె.

వాన పడ్డంక సమజైంది. మీద ఉన్న మట్టి టిప్పర్లల్ల పోయింది, కింది మొరం పైకొచ్చింది. నీళ్లు గట్లనే నిలబడ్డయి, ఇంకలె. కంది మోకాలెత్తు గూడ లేవకముందే పచ్చబడ్డది.

దసరా అయినంక యాదమ్మ కట్టె పట్టుకొని వచ్చింది. "పెద్దవానకు మట్టి కొట్టుకపోయింది," అని చెప్పిన. చేనంత జూసింది. "వాన ఎప్పటిసంది చదును చేస్తుంది?" అన్నది. అంతే. తిట్టలె. తిడ్తే బాగుండు.

తెల్లారి నుంచే గట్టు కింద మిగిలిన మట్టి ఎత్తుడు షురూ చేసింది. అగో, ఆ మూలకు నీలం చీర కనవడ్తలేదా? తట్ట మొయ్యలేదు గద, గిన్నెతోని తెస్తది. ఒక్క మూల చేస్తున్నది. నేను గంప పట్టుకొని పోతే "ఉండనీ" అంటది. ఏడాదిసంది మా ఇద్దరి మాట గదొక్కటే.

కారణం కాడ ఏం రాసిన్రు? కాంట్రాక్టర్ మోసమనా? కొట్టేయున్రి మేడమ్. రెండోనాడు జగన్‌మోహన్ నన్ను అడిగిండు. "కాకా, పై మట్టి మస్తున్నది. పక్కకు కుప్పవోసి, చదునైనంక మల్ల పరుద్దమా? ఇంకో రెండు దినాలు పడ్తది." నేనే వద్దన్న. ఎల్లుండి ఆమె దవాఖాన నుంచి ఇంటికొస్తుండె. వస్తే పని ఆపుతదని ఎరుక నాకు.

ఎందుకు చేసిన అంటరా? ఊర్ల ఎవ్వర్నడిగినా దీన్ని యాదమ్మ చెల్క అంటరు. పాసుబుక్కుల నా పేరే ఉన్నది, అయినా గట్లనే అంటరు. ఇరవై ఎనిమిదేండ్లు ఇన్న మేడమ్. ఈ చేన్ల సదాశివ చెయ్యి గూడ పడ్డది అని ఒక్కపారి అనిపించుకోవాలనుకున్న.

పడ్డది.