వాలు నేల

మూడంతస్తుల కాలేజీ అంతా తిప్పి చూపించాక, కొత్తగా లెక్చరర్‌గా చేరిన మనవరాలు అమ్మమ్మను చివరికి తన క్లాసు గదికి తీసుకొచ్చింది. లోపల అడుగు పెట్టగానే మనవరాలి చేతిలోని పెన్ను జారి, దొర్లుకుంటూ గడప దాకా పోయింది.

“చూశావా అమ్మమ్మా! ఏ మహానుభావుడు కట్టాడో గానీ నేలంతా వాలే.”

“ఆయనకేం మతిపోలేదే తల్లీ. ఇది ఒకప్పుడు పాలకేంద్రం. క్యాన్లు కడిగిన నీళ్లు బయటికి పోవాలని అలా వేశారు.”

“కాలేజీ మొదలైంది ఈ గదిలోనా?”

“మరి? పాలబండి ఏనాడూ వేళకొచ్చేది కాదు. పాలు పోసిన ఆడవాళ్లం ఊరికే కూర్చోవడం చూడలేక, కొలిచే ఆయన తలా ఒక సుద్దముక్క ఇచ్చి అక్షరాలు దిద్దించాడు.”

“పలకలు?”

“ఇంత నేల ఉండగా పలకెందుకే? బండి రాగానే బకెట్టు నీళ్లు కొడితే, రాసిందంతా తెల్లగా గడప దాటి పోయేది. పాలనుకుని పిల్లి పరిగెత్తుకొచ్చేది!”

మనవరాలు పకపకా నవ్వింది. అంతలో కిటికీ అవతల నర్సింగు బ్లాకు, మోటారు వర్క్‌షాపు, పిల్లల్ని దించుతున్న బస్సులు కనిపించి ఆ నవ్వు ఆగిపోయింది.

“ఇదంతా... ఒక బండి ఆలస్యం వల్లేనా?”

“ఆ దిద్దుడే బడైంది, ఆ బడే కాలేజీ అయింది. బండి వేళకొచ్చుంటే నేనిప్పటికీ వేలిముద్రే.”

“అమ్మమ్మా, ఈ నేల పగలగొట్టి చదును చేయమని అర్జీ పెట్టింది నేనే.”

అమ్మమ్మ వంగి, అరచేత్తో నేలను ఒకసారి నిమిరింది.

“ఇదిగో సుద్దముక్క, అమ్మమ్మా. నీ పేరు రాయి.”

“బోర్డు మీదా?”

“నేలమీద. అర్జీ వెనక్కి తీసుకుంటున్నా. ఎందుకో పిల్లలకి చెప్పడం అక్కణ్ణించే మొదలుపెడతా.”