పాతర మూతి కాడ

"అవ్వా, మన ఊర్ల ఇండ్లన్ని మీద, చేన్లన్ని కింద ఎందుకున్నయ్?"

గిప్పుడడిగినవా బిడ్డా! నేను కొత్త కోడలిగ వచ్చిన్నాడె అడిగిన. మా తల్లిగారి ఊరు నిర్ణా. ఆడ చేను, ఇల్లు పక్కపక్కనె. ఈడికొస్తె ఏమున్నది, కింద నల్లరేగడిల జొన్నలు పండించుడు, బండి కట్టి గడ్డెక్కించుడు. ఎడ్లు నురగలు కక్కుతుండె. ఇదేం ఊరురా దేవుడా అనుకున్న. మైసూర్ రాష్ట్రం ఉన్నప్పటి మాట. కాదు, ఆగు, కర్ణాటక అని పేరు పెట్టిండ్రో ఏమో అప్పటికె. యాదికి లేదు.

మా మామను అడిగితె నవ్విండు. "రేగడి పండిస్తది పిల్లా, దాసదు. తడి పట్టుకుంటది. దాసేది గడ్డ మీది ఈ ఎర్ర మొరమే" అన్నడు. నువ్వు మోటర్ సైకిల్ ఆపినవు సూడు, దాని కిందనె మన పాతర. నిజం! మనిషి నిలవడితె మునుగుతడు, అంత లోతు. లోపట గడ్డి పరిచి, జొన్నలు పోసి, మీద బండేసి మట్టి మెత్తుతుండె. ఇండ్లు అందుకె మీద కట్టిండ్రు. నిజాం కాలం సంది గట్లనె. కచేరిల ఉర్దూ పోయి కన్నడ వచ్చింది గని పాతరలు మారలే.

ఇగ కరువొచ్చింది. మీ తాత జొన్నలకని మన్నాఏఖేళ్ళి అంగడికి పోయి ఒట్టి సంచితోని వచ్చిండు. మీ నాయన అప్పుడు సిన్న పోరడు, ఆకలికి ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. పాతర తీద్దామన్నరు.

తీసిన ఎంబటె దిగొద్దు, తెలుసా? గాలి ఆడెదాక తెరిసి పెట్టాలె, తర్వాత కందీలు తాడుకు కట్టి దించాలె. దీపం ఆరితె మనిషి దిగొద్దు. ఎందుకారుతది మామా అంటె, "లోపట ఊపిరుండది" అన్నడు.

మీ తాతకు ఓపిక ఏడిది? బండ తీసుడె ఆలస్యం, నడుముకు తాడు కట్టుకున్నడు. కందీలు దించితె సగం దాక పోలే, ఆరింది. "గాలికి ఆరింది" అంటడు. గాలేడిది, ఆకు కదుల్తలేదు! మామ వద్దన్నడు, ఇంటడా? ఇంట్ల కొడుకు ఏడుస్తుండె గద.

నేనేం జేసిన్నంటవ్? పోయి పాతర మూతి మీద కూసున్న, కాళ్ళు అడ్డం సాపి. నడి వాడల, మొగోళ్ళ ముంగట! అత్త ఇరుసుక పడ్డది, "సిగ్గు లేదానె, పోరని ఆకలి కనబడ్తలేదా" అని. కనబడకుంట ఉంటదా? ఆ ఏడుపు ఇనుకుంటనె కూసున్న. ఒక్క రాత్రి అంబలి తాగి పండుకుంటడు, తండ్రి పోతె మల్ల వస్తడా? నాకు మస్తు భయమైంది బిడ్డా. అయినా లేవలే. పొరుగింటామె పోరనికి ఇంత అంబలి పోసింది.

తెల్లారి దించితె కందీలు అడుగు దాక పోయి ఆరకుంట నిలవడ్డది. మీ తాత దిగిండు. మీద ఉన్న జొన్నలు నల్లగయి పాడైనయ్, ఆయన మొకం సిన్నబోయింది. ఇంకింత తవ్వితె, అబ్బ, పసుప్పచ్చగ, గట్టిగ! పాతర వాసన రొట్టెల గూడ వస్తది, నీకు నచ్చదు గని మాకు అదె పరమాన్నం.

మీ నాయన తిని అట్లనె నిద్రవోయిండు. తర్వాత మేం కూసున్నం. మీ తాత నిన్నటి సంది నాతోని మాట్లాడలే. రొట్టె తుంచిండు. మొదటి తునక వాళ్ళమ్మకు పెడ్తడనుకున్న. నా పళ్ళెంల పెట్టిండు, అందరు సూస్తుండంగ. అత్త గూడ నీళ్ళ చెంబు నా దిక్కు జరిపింది.

సల్లగుండు బిడ్డా. నీకు గూడ నా అసొంటి మొండి పిల్లనె దొరకాలె...